కొత్త కుర్రాడికి ఒక పేజీ: దేశం ఫుట్‌బాల్ జట్టులో తొలి మ్యాచులు చూడడం, రాసుకోవడం ఎలా

ముందు ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనండి. గీతలున్నదే కొనండి. ఒక పెన్సిలు, ఒక రబ్బరు. పెన్ను మాత్రం వద్దు. ఎందుకు వద్దో నా 2006 నోట్‌బుక్ చూస్తే తెలుస్తుంది, ఆ సంగతి కాసేపాగి చెప్తాను.

నేను కోచ్‌ని కాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్ఫై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మోకాలు పోయేదాకా మా షాపు ఫుట్‌బాల్ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు వెనక కాపలా) ఆడాను, అదీ అంతంతమాత్రమే. కానీ ఒక పిచ్చి ఉంది. దేశం జట్టులోకి కొత్తగా ఎవరైనా వస్తే వాళ్ల పేరిట ఒక పేజీ తెరుస్తాను. మన దేశం వాళ్లే కానక్కర్లేదు. ఆ పేజీ ఎలా నింపాలో ఈమధ్య మా మనవరాలు అడిగింది. దానికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

పేజీ తెరిచేముందు ఒక సంగతి తేల్చుకోండి. పేపర్లో "జాతీయ జట్టుకు ఎంపిక" అని వస్తే అది నాలుగు రకాలుగా ఉండొచ్చు. ప్రాబబుల్స్‌లో (తీసుకోవచ్చనుకునేవాళ్ల తొలి జాబితాలో) పేరుండడం వేరు, క్యాంప్‌కి పిలుపు రావడం వేరు, స్క్వాడ్‌లో ఉండి బెంచీ మీద కూర్చోవడం వేరు, గ్రౌండ్‌లోకి దిగడం వేరు. దిగితేనే క్యాప్, అంటే దేశం తరఫున ఒక మ్యాచ్ ఆడినట్టు లెక్క. ఒక్క నిమిషమైనా సరే. మా బస్తీలో ఇండియా క్యాంప్‌కి వెళ్లొచ్చిన కుర్రాడికి బ్యాండు పెట్టి ఊరేగింపు తీశారు, పాపం ఆ తర్వాత పిలుపే రాలేదు. ఊరేగింపు తప్పని అనను. కానీ నోట్‌బుక్‌లో మాత్రం ఈ నాలుగు మెట్లకూ నాలుగు తేదీలు విడివిడిగా రాయండి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎన్నాళ్లు పట్టిందో చూస్తే సగం కథ అక్కడే తెలుస్తుంది.

ఇక మ్యాచుల పట్టిక. ఎదుటి జట్టు, ఊరు, తేదీ అందరూ రాసేవే. వాటి పక్కన ఇంకో ఐదు గళ్లు గీయండి. ఫ్రెండ్లీయా (ఏ టోర్నీకీ చెందని మ్యాచ్), టోర్నీ మ్యాచా? ఏ నిమిషంలో దిగాడు? ఎవరి స్థానంలో? అప్పుడు స్కోరెంత? ఏ పొజిషన్‌లో ఆడాడు? గోల్స్‌కి గడి చివర్న, చిన్నది చాలు.

"దిగినప్పుడు స్కోరు" గడి చాలా ముఖ్యం. 3-0తో గెలుస్తున్న మ్యాచులో 85వ నిమిషంలో దింపితే అది కోచ్ కుర్రాడికిచ్చిన చాక్లెట్ లాంటిది. 0-1తో వెనకబడి ఉండగా 60వ నిమిషంలో దింపితే అది నమ్మకం. పేపర్లో రెండింటినీ ఒకేలా "అరంగేట్రం" అంటారు.

మొదటి మ్యాచ్ చూసేటప్పుడు

బంతిని చూడకండి. చెప్పడం తేలిక, కన్ను మాత్రం వినదు. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: వాచీ చూసుకుని పది నిమిషాలు ఆ కుర్రాణ్ణే చూస్తాను, బంతి ఎటు పోయినా సరే. తర్వాత పది నిమిషాలు మామూలుగా ఆట చూసి, మళ్లీ పది నిమిషాలు వాడినే. టీవీలో ఇది కుదరదు. కెమెరా బంతి వెంటే పోతుంది, మనవాడు ఫ్రేములోనే ఉండడు. అందుకే గ్రౌండ్‌కి పోయే అవకాశం ఉంటే వదలకండి. గోల్‌పోస్టు వెనక కూర్చోకండి. పక్కవైపు, కాస్త ఎత్తులో కూర్చోండి.

ఆ పది నిమిషాల్లో మూడు చూడండి.

ఒకటి, బంతి తన దగ్గరికి రాకముందు తల తిప్పి వెనక్కి చూసుకుంటున్నాడా? బాగా ఆడేవాడి మెడ ఊరికే ఉండదు. బంతి వచ్చాక తలెత్తి వెతికేవాడు క్లబ్బులో నెగ్గుకు రావొచ్చు, అంతర్జాతీయ మ్యాచులో మాత్రం అంత టైమ్ ఇవ్వరు.

రెండు, బంతి పోగొట్టుకున్నాక ఏం చేస్తున్నాడు? నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడా, వెంటనే వెనక్కి పరుగెత్తాడా? నా నోట్‌బుక్‌లో దీనికి "చేతులు" అని పేరు. చేతులు నడుం మీద కనిపిస్తే ఒక సున్నా పెడతాను.

మూడోది నాకు చాలా ఇష్టం. సీనియర్లు వాడికి బంతి ఇస్తున్నారా? నిలువు గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి. నాలుగు గీతలు, అయిదోది అడ్డంగా, పాలవాడి లెక్కలాగా. వాడు ఖాళీగా ఉన్నా ఇవ్వకపోతే పక్కన చుక్క. మా వర్క్‌షాప్ మ్యాచుల్లో కొత్త అప్రెంటిస్ ఆడుతుంటే మేమూ అంతే. గోల్ ఎదురుగా ఒక్కడే నిలబడి చెయ్యెత్తి అరుస్తున్నా ఇచ్చేవాళ్లం కాదు. కుళ్లు కాదు, భయం. వాడు పోగొడతాడేమోనని. దేశం జట్టులోనూ మనుషులే కదా ఆడేది. మొదటి మ్యాచులో చుక్కలు ఎక్కువుండి, మూడో మ్యాచుకి గీతలు ఎక్కువైతే ఆ కుర్రాడు జట్టులో పడ్డట్టే. గోల్ కొట్టాడా లేదా అన్నది ఈ లెక్క తర్వాతే.

ఈ పద్ధతికి మూలం 2008 ఆగస్టులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని. ఏఎఫ్‌సీ, అంటే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య, పెట్టే ఛాలెంజ్ కప్ మన హైదరాబాద్‌లో జరిగింది. సెమీఫైనల్ మయన్మార్‌తో. మా బామ్మర్దీ నేనూ ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లాం. ఎంతకీ గోల్ పడడం లేదు. ఇక ఎక్స్‌ట్రా టైమే అనుకుని చాయ్ తాగొద్దామని మెట్లు దిగాను. చాయ్ చేతికొచ్చేసరికి పైనుంచి ఒకటే అరుపులు. సునీల్ ఛెత్రి గోల్. 1-0, ఆ ఒక్క గోల్‌తోనే ఇండియా ఫైనల్‌కి పోయింది. పరుగెత్తి పైకొచ్చి "ఎట్లా కొట్టాడు?" అని అడిగితే మా బామ్మర్ది చేతులు ఊపుతూ ఏదో చెప్పాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గోల్ అనేది రెండు సెకన్లు. దాన్ని నమ్ముకుంటే ఇంతే. మిగతా ఎనభై నిమిషాలు చూసినదాంట్లో రాసుకోదగ్గది ఏముందా అని ఆ రాత్రి ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒక్క లైనూ తేలలేదు.

నేను కొట్టేసిన పేజీ

ఇప్పుడు 2006 నోట్‌బుక్ సంగతి.

ఛెత్రి పుట్టింది మా సికింద్రాబాద్‌లోనే, 1984 ఆగస్టు 3న. నాన్న ఆర్మీ. అందుకని ఆ పేజీ కాస్త ప్రేమగానే తెరిచాను. 2005 జూన్ 12, క్వెట్టా, పాకిస్తాన్‌తో ఫ్రెండ్లీ. ఇరవై ఏళ్ల కుర్రాడు. తొలి మ్యాచ్, తొలి గోల్. 1-1. మర్నాడు పేపర్లో క్రికెట్ కింద చిన్న వార్త వచ్చింది, కత్తిరించి అంటించాను. ఆ సిరీస్‌లో రెండో మ్యాచ్ పెషావర్‌లో ఇండియా గెలిచింది, మూడోది లాహోర్‌లో పాకిస్తాన్ 3-0తో గెలిచింది.

ఆ తర్వాత గోల్స్ గడి ఖాళీ. 2005 చివర్న ఖాళీ. 2006 అంతా ఖాళీ. ఆ ఏడాది డిసెంబర్‌లో, పాత పేజీలు సర్దుతూ, ఛెత్రి పేజీకి అడ్డంగా నీలం బాల్‌పెన్నుతో గీత కొట్టి కింద "ఇంతే" అని రాశాను.

ఎనిమిది నెలలు తిరక్కుండా, 2007 ఆగస్టులో ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో నెహ్రూ కప్. కంబోడియా మీద 6-0, అందులో రెండు ఛెత్రివి. ఫైనల్లో సిరియా మీద 1-0తో గెలిచి ఇండియా కప్పు కొట్టింది, ఆ గోల్ ఎన్.పి.ప్రదీప్‌ది. మరుసటేడు, నేను చాయ్‌కి పోయిన ఆ సెమీఫైనల్ తర్వాత, ఢిల్లీలో ఫైనల్. తజికిస్తాన్ మీద 4-1, ఛెత్రి హ్యాట్రిక్. ఆ గెలుపుతోనే ఇండియా 2011 ఆసియా కప్‌కి అర్హత సాధించింది, 1984 తర్వాత మళ్లీ అప్పుడే. 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో ఆడి వీడ్కోలు చెప్పేనాటికి 151 మ్యాచులు, 94 గోల్స్. ఆ మరుసటేడు మళ్లీ తిరిగొచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద ఇంకోటి కొట్టాడు.

బాల్‌పెన్ను గీత రబ్బరుతో పోదు. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. మా మనవరాలు ఇంటికొచ్చినవాళ్లందరికీ తీసి చూపిస్తుంది.

కాబట్టి ఖాళీ గళ్లను చూసి తీర్పు రాయకండి. తొలి గోల్‌కీ రెండో గోల్‌కీ మధ్య రెండేళ్ల రెండు నెలలు పట్టినవాడు మన దేశంలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. ఖాళీ కనిపిస్తే కారణం వెతకండి: గాయమా, కోచ్ మారాడా, క్లబ్బులో బెంచీ మీద ఉన్నాడా, లేక అసలు జట్టుకి మ్యాచులే లేవా? చివరిది మన దేశంలో చాలాసార్లు నిజం.

అదే క్వెట్టా మ్యాచులో ఇంకో కొత్త కుర్రాడు కూడా దిగాడు, రహీం నబీ. వాడి పేజీలో పొజిషన్ గడి చూస్తే నవ్వొస్తుంది. ఫార్వర్డ్, మిడ్‌ఫీల్డ్, లెఫ్ట్ బ్యాక్... ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడించారు. గోల్స్ గడి మాత్రమే పెట్టుకుని ఉంటే నబీ పేజీ ఎప్పుడో మూసేసేవాణ్ణి. పొజిషన్ గడి ఉంది కాబట్టి అర్థమైంది, ఏ కోచ్ వచ్చినా వాణ్ణి ఎందుకు వదులుకోలేదో. ఒకే పొజిషన్‌లో పాతుకుపోవడమూ ఒక దారే, నాలుగు పొజిషన్లకు పనికిరావడమూ ఒక దారే.

వయసు గడి

పుట్టిన తేదీ రాయండి, కానీ దాన్ని చూసి మైమరచిపోకండి. నా దగ్గర మూడు విదేశీ పేజీలు పక్కపక్కన ఉన్నాయి.

ఫ్రెడ్డీ అడు. అమెరికా. 14 ఏళ్లకే అక్కడి లీగ్‌లో ఆడాడు, 16 ఏళ్లకు 2006 జనవరిలో కెనడా మీద దేశం జట్టులో దిగాడు. మొత్తం మీద 17 క్యాప్‌లు, 2 గోల్స్. 2011 తర్వాత పేజీ ముందుకు కదల్లేదు.

మార్టిన్ ఓడెగార్డ్. నార్వే. 2014 ఆగస్టులో యూఏఈ మీద ఆడినప్పుడు 15 ఏళ్ల 253 రోజులు. తొలి గోల్ ఎప్పుడు? 2019లో. మధ్యలో రియల్ మాడ్రిడ్ కొనుక్కుని, నెదర్లాండ్స్‌లో రెండు క్లబ్బులకు, తర్వాత స్పెయిన్‌లోనే రియల్ సోసియెదాద్‌కి లోన్‌లో, అంటే కొన్నాళ్లు అరువుకి, పంపింది. 2021లో దేశానికి కెప్టెన్ అయ్యాడు.

లమీన్ యమాల్. స్పెయిన్. 2023 సెప్టెంబర్ 8, జార్జియా మీద. మొదటి హాఫ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా దెబ్బతగిలినవాడి స్థానంలో దిగాడు, ఆ మ్యాచులోనే గోల్ కొట్టాడు. 16 ఏళ్ల 57 రోజులు. కానీ స్కోరు 7-1, అది రాయడం మర్చిపోకండి. వాడి పేజీలో నేను గట్టిగా అండర్‌లైన్ చేసింది ఆ గోల్‌ని కాదు. 2024 జూలై 9న యూరప్ దేశాల యూరో కప్ సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద, స్పెయిన్ 0-1తో వెనకబడి ఉండగా, గోల్ ముందుండే బాక్స్ బయట నుంచి కొట్టినదాన్ని. అప్పటికి ఇంకా పదిహేడు నిండలేదు, మరో నాలుగు రోజులుంది.

ముగ్గురూ చిన్నవయసులో వచ్చినవాళ్లే, పేజీలు మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు. వయసు గడి మనకు చెప్పేది వాడు ఎప్పుడు మొదలుపెట్టాడన్నది మాత్రమే.

ఇక్కడే బోయన్ కృకిచ్ గురించి చెప్పాలి. బార్సిలోనా కుర్రాడు, 17 ఏళ్లు. 2008 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌తో మ్యాచుకి స్పెయిన్ జట్టులోకి పిలిచారు, ఆడలేదు. కడుపులో బాగోలేదని చెప్పారు. నేను పేజీలో "కడుపునొప్పి" అని రాసి ఊరుకున్నాను. ఆ వేసవిలో యూరో కప్‌కీ వెళ్లలేదు. "కుర్రాడికి పొగరు" అని మా వర్క్‌షాప్ క్యాంటీన్‌లో తేల్చేశాం. పదేళ్ల తర్వాత ఆ అబ్బాయే చెప్పాడు, అది కడుపు కాదు, ఆందోళన అని. తల తిరిగేదట, ఆ టెన్షన్ ఒక్క క్షణం వదిలేది కాదట. 2008 సెప్టెంబర్‌లో ఆర్మేనియా మీద ఆడాడు. అదే మొదటి క్యాప్, అదే చివరిది.

అప్పట్నుంచి "కారణం" గడిలో జట్టువాళ్లు చెప్పింది రాస్తే పక్కన "అన్నారు" అని చేరుస్తున్నాను. "గాయం అన్నారు." "జ్వరం అన్నారు." ఇంట్లోవాళ్లకి కూడా తెలియని సంగతులుంటాయి, నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్న నాకేం తెలుస్తాయి?

మిగతా గళ్లు, త్వరగా

క్లబ్బు: ఆ సీజన్లో ఎన్ని మ్యాచులు మొదటి పదకొండులో ఆడాడో రాయండి చాలు. క్లబ్బులో ఆడకుండా దేశం జట్టులో నిలవడం కష్టం. అమ్మాయిల ఆటలో ఈ గడి ఇంకా ముఖ్యం, ఎందుకంటే లీగ్ చిన్నది, మ్యాచులు తక్కువ. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య పేజీలో ఈ గడే అన్నిటికంటే నిండుగా ఉంటుంది. 2022లో క్రొయేషియాలో దినమో జాగ్రెబ్, తర్వాత ఈస్ట్ బెంగాల్, 2024-25లో ఆ జట్టుతో ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్, ఆ సీజన్‌కి మన ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు. మన పేపర్లు సౌమ్య మ్యాచులకు ఎంత చోటిచ్చాయో కత్తిరించి అంటిద్దామంటే ఒక పేజీలో సగం కూడా నిండలేదు. స్కోర్లు సమాఖ్య పెట్టే వాటి నుంచి నేనే చేత్తో ఎక్కించుకున్నాను.

దేశం: విదేశీ ఆటగాళ్ల పేజీలో ఈ గడి ఖాళీగా వదలకండి. రెండు దేశాలకు ఆడే హక్కున్నవాళ్లుంటారు. మునీర్ అల్ హద్దాది 2014 సెప్టెంబర్‌లో మాసిడోనియా మీద యూరో క్వాలిఫయర్లో (యూరో కప్‌కి అర్హత మ్యాచులో) 77వ నిమిషంలో స్పెయిన్ తరఫున దిగాడు. స్పెయిన్ మళ్లీ ఆడించలేదు. నాన్న దేశం మొరాకోకి ఆడతానంటే, టోర్నీ మ్యాచ్ ఆడేశావు కాబట్టి కుదరదన్నారు. కోర్టుదాకా వెళ్లినా లాభం లేకపోయింది. 2020లో ఫిఫా రూల్ మార్చింది: 21 ఏళ్లు నిండకముందు మూడు మ్యాచులకు మించి ఆడకుండా, చివరి మ్యాచ్ ఆడి మూడేళ్లు దాటి, ప్రపంచకప్ లాంటి ప్రధాన టోర్నీల్లో దిగకుండా ఉంటే మారొచ్చు. 2021లో మొరాకోకి ఆడాడు. ఫ్రెండ్లీయా టోర్నీ మ్యాచా అన్న గడి ఎందుకు పెట్టమన్నానో ఇప్పుడు అర్థమైందిగా.

"కొత్త మెస్సీ", "జూనియర్ ఛెత్రి" లాంటి పేర్లకు గడి అక్కర్లేదు.

పేజీ ఎప్పుడు మూయాలి? నా లెక్క ఇరవై క్యాప్‌లు. అక్కడికి చేరితే ఇక కొత్త కుర్రాడు కాదు, పెద్దవాళ్ల నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తాను. చేరకపోతే మూయను. పేజీ అడుగున నాలుగు లైన్లు వదిలేసి ముందుకెళ్తాను.

మొన్న మనవరాలు తన నోట్‌బుక్ తెచ్చి చూపించింది. గళ్లన్నీ స్కేలుతో నీట్‌గా గీసింది. నేను చెప్పినవి కాక చివర్న ఇంకోటి ఉంది, పైన "సెంటు" అని రాసి ఉంది. ఇదేంటే అంటే, 2024 మేలో ఛెత్రి రిటైర్మెంట్ వీడియోలో చెప్పిన ముచ్చట గుర్తుచేసింది. క్వెట్టా మ్యాచ్ రోజు పొద్దున కోచ్ సుఖ్‌వీందర్ సింగ్ వచ్చి నువ్వు ఆడుతున్నావని చెప్తే, ఏం చెయ్యాలో తోచక జెర్సీ తీసి దాని మీద సెంటు కొట్టుకున్నాడట. ఎందుకు కొట్టాడో తనకే తెలియదట.

"అది మనకెట్లా తెలుస్తుందే, వాళ్లంతట వాళ్లు చెప్తే తప్ప?" అన్నాను.

"అందుకే ఖాళీగా వదిలా తాతా, ఎప్పుడన్నా చెప్తే రాస్తా" అంది. పెన్సిల్‌తోనే గీసింది.